గేటుకు కట్టిన వేపమండలు

నాచారం పాత ఊళ్లో ఎవరినైనా ఆపి బాలనర్సమ్మ ఇల్లెక్కడని అడిగితే, "ఏ బాలనర్సమ్మ? ముసలోళ్ల బాలనర్సమ్మనా?" అని ఎదురు అడుగుతారు. ఆ పేరు వచ్చి పన్నెండేళ్లు దాటింది. అంతకు ముందు ఆమె వాచ్‌మన్ గోపయ్య పెండ్లాం. ఇంకా ముందు, తండ్రి జొన్న వేసే రెండెకరాల చెలకలో కలుపు తీసిన పిల్ల. ఆ చెలక మీద ఇప్పుడు సీసా మూతలు చేసే ఫ్యాక్టరీ ఉంది. గోపయ్య దాని పక్క ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మామ పొలం గట్టున కూర్చుని ఇంకెవరి గోడకో కాపలా కాయడం ఆయనకు ఎలా ఉంటుందో మనం అడగలేదు, ఆయన చెప్పలేదు.

వృద్ధాశ్రమంలో ఆమె చేరింది పది రోజుల కోసం. అక్కడి ఆయా చెల్లెలి పెళ్లికి ఊరెళుతూ తన బదులు ఈమెను నిలబెట్టి పోయింది. ఆ ఆయా తిరిగి రాలేదు. ఈమె తిరిగి పోలేదు.

ఆశ్రమానికి పెద్ద పేరే ఉండేది గానీ ఆటోవాళ్లకు అది టీచరమ్మ ఆశ్రమం. టీచరమ్మ అంటే అరుణకుమారి. భీమవరం వైపు మనిషి. సర్కారు బళ్లో సైన్సు చెప్పి రిటైరైంది. భర్త పోయాక, రెండంతస్తుల సొంత ఇంట్లో ఒక్కతే తిరగడం విసుగెత్తి, ఇరవై మంది వృద్ధులకు ఆ ఇంటిని ఆశ్రమం చేసింది. తను మాత్రం పైన మూల గదిలో ఉండేది. అందరితో పాటు అదే బల్ల మీద, అదే సాంబారు తినేది. సాంబారులో ఉప్పెక్కువైతే మొదటి కేక ఓనరుదే అయ్యేది, అందుకని వంటమనిషి వెంకటనర్సమ్మ చెయ్యి ఎప్పుడూ అదుపులో ఉండేది.

టీచరమ్మ పద్ధతి ఒకటుంది. ఒక్కో ఆయాకు నలుగురో ఐదుగురో వృద్ధులను అప్పగించేది. వాళ్ల స్నానం, వాళ్ల మందులు, వాళ్ల అలకలు, అన్నీ ఆ ఆయావే. ఇంకొకరి మనుషుల మీద చెయ్యి వేయడానికి లేదు. పొద్దున్నే ఆయాలందరినీ వరుసలో నిలబెట్టి గోళ్లు చూసేది. నలభై రెండేళ్ల వయసులో బాలనర్సమ్మ బడిపిల్లలా రెండు చేతులు చాపి నిలబడింది. మొదట్లో కడుపు మండింది. ఏడాది తిరిగేసరికి, ఇంటికొచ్చిన కోడళ్ల గోళ్లు తను చూడటం మొదలుపెట్టింది.

బాలనర్సమ్మ చేతి కింద ఐదుగురుండేవాళ్లు. వాళ్లలో పట్టాభిరామయ్య ఒకరు. ఎనభై నాలుగేళ్లు, తపాలా శాఖలో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. ఇంగువ తాలింపు పడని పప్పును ఆయన పప్పుగా గుర్తించరు. మంచం మీద నిద్రపోతున్న మనిషిని నిద్ర చెడకుండా అటునుంచి ఇటు తిప్పడం బాలనర్సమ్మకు వచ్చినట్టు నాచారంలో ఇంకెవరికీ రాదు. పట్టాభిరామయ్య గారు దాన్ని ఒప్పుకునేవారు కాదు. "నేనే తిరిగాను, నువ్వు చెయ్యి వేశావంతే" అనేవారు.

కరోనా మొదటిసారి వచ్చినప్పుడు టీచరమ్మ గేటు మూసింది. ఆయాలు, నర్సు, వంటమనిషి అందరూ డెబ్బై రోజులు లోపలే ఉన్నారు. ఒక్కరికి తుమ్ము కూడా రాలేదు. కానీ ఆ డెబ్బై రోజులూ టీచరమ్మ మెట్లు ఎక్కీ దిగీ మోకాళ్లు పోగొట్టుకుంది. డెబ్బై రెండేళ్లు వచ్చాయి. ఇంక నావల్ల కాదని, మరుసటి సంక్రాంతి వెళ్లగానే ఆశ్రమాన్ని ఒక కంపెనీకి అమ్మేసి, ఉప్పల్‌లో మెట్రో స్టేషను దగ్గర ఒక ఫ్లాటులోకి మారిపోయింది. పోతూ పోతూ ఆయాలందరికీ తలా ఒక సబ్బు డబ్బా ఇచ్చింది. బాలనర్సమ్మకు కోపం వచ్చింది. అమ్మేముందు ఒక్కమాట అనలేదని కోపం. ఎవరితో అనాలని మళ్లీ తనే సర్దుకుంది.

కంపెనీ ఓనరు ఎవరో ఎవరూ చూడలేదు. ఆఫీసు ఎక్కడో వేరే రాష్ట్రంలో. గోడలకు కొత్త రంగు వచ్చింది, ఇంగ్లీషు బోర్డు వచ్చింది, ఫణీంద్ర వచ్చాడు. నాచారం, రామంతాపూర్, నారపల్లి, మూడు చోట్ల కంపెనీకి ఉన్న ఆశ్రమాలకు అతనొక్కడే మేనేజరు. కాకినాడ వైపు కుర్రాడు, ముప్పై నిండలేదు, ఆయాలను కూడా మీరు అని పిలుస్తాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకోవడానికి హాయిగా ఉండేది.

కంపెనీ వచ్చాక టీచరమ్మ పద్ధతి పోయింది. ఒక ఆయాకు ఒక మనిషి అలవాటు కాకూడదట. ఆయాలు వారం వారం మారాలి. ఈ వారం నాచారం, పై వారం రామంతాపూర్, ఆ పై వారం నారపల్లి. ఎక్కడ మనిషి తక్కువైతే అక్కడికి ఇంకో చోటి మనిషి. ఆదివారం సాయంత్రం ఫోన్లకు లిస్టు వచ్చేది. సోమవారం పొద్దున సాయి కుమార్ అనే నారపల్లి కుర్రాడు వ్యాను వేసుకుని మూడు చోట్లా తిరిగి, కూరగాయలను దింపినట్టు ఆయాలను దింపి పోయేవాడు. పట్టాభిరామయ్య గారు ప్రతి సోమవారం కొత్త ఆయాను పిలిచి, తన కళ్లజోడు ఎక్కడ పెట్టాలో, ఏ చెవిలో మిషను పెట్టాలో మొదటినుంచి చెప్పుకునేవారు. బాలనర్సమ్మ వంతు వచ్చిన వారం మాత్రం ఏమీ చెప్పకుండా పడుకునేవారు.

ఇలా మూడు నెలలు నడిచింది. ఏప్రిల్ వచ్చింది, కరోనా రెండోసారి వచ్చింది.

మూడో ఆదివారం మధ్యాహ్నం రామంతాపూర్‌లో పనిచేసే ఆయా పిల్ల ఒకతి ఫోను చేసి మాటల మధ్యలో చెప్పింది. అక్కడ ఇద్దరు పెద్దవాళ్లకు జ్వరమట. తనకు మాత్రం ఒంట్లో బాగానే ఉందట, దగ్గు లేదు, ఏమీ లేదు, కాకపోతే దేవుడి దగ్గర అగరొత్తులు వెలిగిస్తే వాసన తెలియడం లేదట. సాయంత్రం లిస్టు వచ్చింది. బాలనర్సమ్మ రామంతాపూర్ పోవాలి. రామంతాపూర్ నుంచి ఇద్దరు నాచారం రావాలి. ఆ ఇద్దరిలో ఒకతి ఈ పిల్లే.

బాలనర్సమ్మ ఫణీంద్రకు ఫోను చేసింది.

"సారూ, ఆ పిల్లకు అగరొత్తుల వాసన గూడ తెలుస్తలేదట. గామెను ఈడికి పంపుతున్నరేంది?"

"టెస్టు చేయించామమ్మా. రిజల్టు రావాలి."

"వచ్చినంక పంపురి."

"నా చేతిలో లేదమ్మా. లిస్టు హెడ్డాఫీసులో తయారవుతుంది. రిజల్టు లేకుండా మనిషిని తీసేస్తే సిస్టమ్ ఒప్పుకోదు."

"గా సిస్టమ్‌కు ఈడ ముసలోళ్లున్నరని ఎరుకనా సారూ?"

"మాస్కులు ఎక్కువ పంపిస్తానమ్మా" అన్నాడు ఫణీంద్ర. పాపం, అతని చేతిలో ఉన్నవి అవే.

లోపల పందొమ్మిది మంది ఉన్నారు. అందరిలోకీ చిన్నావిడకు అరవై ఎనిమిది. సగం మందికి మొదటి సూది పడింది, మిగతా సగానికి అదీ లేదు. ఆ వ్యాను దిగే ఇద్దరూ గేటు లోపలికి వస్తే ఈ పందొమ్మిది మందిలో ఎందరు మిగులుతారో చెప్పడానికి సైన్సు చదవక్కర్లేదు. గేటుకు తాళం వేసుకుందామంటే ఇంకో తాళంచెవి కంపెనీ దగ్గరుంది. డ్యూటీకి పోనంటే పని పోతుంది. తన బదులు ఇంకెవరో వస్తారు, వాళ్లు ఎక్కడెక్కడ తిరిగి వస్తారో వాళ్లకే తెలియదు.

సోమవారం తెల్లవారగానే బాలనర్సమ్మ పెరటి గోడ మీదికి వంగిన వేపచెట్టు నుంచి మండలు విరిచింది. గేటుకు అటూ ఇటూ కట్టింది. గడపలో పసుపు నీళ్ల చెంబు పెట్టింది, అందులో కూడా ఒక రెమ్మ వేసింది.

ఈ ప్రాంతంలో దానికి అర్థం వివరించనక్కర్లేదు. ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసింది. బయటివాళ్లు లోపలికి రాకూడదు, లోపలివాళ్లు బయటికి పోకూడదు. పొయ్యి మీద తాలింపు చిటపటలు వినిపించకూడదు, నీచు వండకూడదు. తల్లి చల్లబడ్డాక, వేప పసుపు నీళ్లు పోసి తలంటేదాకా ఇంతే. బాలనర్సమ్మ చిన్నప్పుడు శిస్తు వసూలుకు వచ్చిన మనిషి కూడా వాళ్ల గడపకు వేపమండలు చూసి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగాడు.

వంటగదిలోంచి వెంకటనర్సమ్మ ఉరికి వచ్చింది. "ఎవ్వరికి పోసిందే?"

"ఎవ్వరికి పొయ్యలే."

వెంకటనర్సమ్మ విషయం అర్థమై, మండల వైపు తిరిగి దండం పెట్టుకుంది. "అమ్మోరి మీద అబద్ధమానే? నాలుక పుండైతది."

"అయితే నాకైతది. నువ్వు ఊకో. ఇయ్యాల్టి సంది తాలింపు పెట్టకు. వాసన గల్లీలకు పోతే దొరికిపోతం."

రాత్రి డ్యూటీ దిగాల్సిన నర్సు ప్రజ్ఞ ఇదంతా మెట్ల మీద నిలబడి చూసింది. ఘట్‌కేసర్ వైపు పిల్ల, ఇరవై నాలుగేళ్లు. తన బదులు రావలసిన నర్సు కూడా ఆ వ్యానులోనే వస్తుంది. "ఎవరన్న అడిగితే నేను అవునన, కాదన" అంది చివరికి. "రిజిస్టర్ల ఐసోలేషన్ అని రాస్త. అది అబద్ధం కాదు." ఇంటికి ఫోను చేసి, బట్టలు పంపమని చెప్పింది.

ఎనిమిదింటికి వ్యాను వచ్చింది. సాయి కుమార్ హారన్ కొట్టబోయి, మండలు చూసి, ఇంజను ఆపేశాడు. చెప్పులు వ్యానులోనే విడిచి కిందికి దిగాడు.

"ఎవరికి అత్తా?"

"పైన పట్టాభిరామయ్య సారుకు."

"అయ్యో తల్లీ" అని రెండు చెంపలూ వేసుకుని, దిగబోతున్న నర్సునీ ఆయాలనూ వ్యానులోకి తిరిగి ఎక్కించాడు. ఆ పిల్లలు కూడా దిగుతామని పట్టుబట్టలేదు. వ్యాను వెనక్కి మళ్లి పోయింది.

పదకొండింటికి ఫణీంద్ర స్వయంగా వచ్చాడు. ముఖానికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ షీల్డు, చేతులకు గ్లవ్స్, జేబులో శానిటైజరు సీసా. ఇన్ని ఉన్న మనిషి గేటుకు పదడుగుల అవతలే బూట్లు విప్పేశాడు. కాకినాడలో వాళ్ల అమ్మమ్మ అతన్ని బాగానే పెంచినట్టుంది.

"ఎన్ని రోజులు పడుతుందమ్మా?"

"నీళ్లు పోసేదాంక సారూ. మూడు వారాలన్న పడ్తది. అందరు పెద్దోళ్లే, ఒకలి నుంచి ఒకలికి పోతే ఎట్ల?"

"డాక్టర్ని పంపించనా?"

"ప్రజ్ఞ ఫోన్ల మాట్లాడుతున్నది. లోపలికి మాత్రం ఎవ్వలు రావద్దు."

అతను మండల వంక చూశాడు, ఆమె వంక చూశాడు. ఇంకో ప్రశ్న గొంతుదాకా వచ్చినట్టే ఉంది. దాన్ని మింగేసి, రెండు చేతులూ జోడించి, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు. హెడ్డాఫీసుకు చికెన్‌పాక్స్ అని పంపాడు. సిస్టమ్‌లో దానికి ఒక గడి ఉందట, అందులో టిక్కు పడగానే నాచారం పేరు లిస్టులోంచి దానంతటదే పోయింది. అగరొత్తుల వాసన తెలియకపోవడానికి మాత్రం గడి లేదు.

పాత వారపు ఆయాలు ఆదివారం రాత్రే డ్యూటీ దిగి వెళ్లారు, కొత్తవాళ్లు వ్యానులో వెనక్కి పోయారు. ఇక లోపల ముగ్గురు ఆడవాళ్లు, పందొమ్మిది మంది వృద్ధులు. ఆరుగురు చేసే పని ముగ్గురు చేశారు. ప్రజ్ఞ బెడ్‌పాన్లు ఎత్తింది, వెంకటనర్సమ్మ తలలు దువ్వింది. పట్టాభిరామయ్య గారికి తన జబ్బు సంగతి రెండో రోజు తెలిసింది.

"నాకా? అమ్మవారా? నాకు ఎనిమిదో ఏటే వచ్చి పోయిందమ్మా!"

"మల్ల వచ్చింది సారూ. మీరు జర బాల్కనీలకు రాకురి. గల్లీలోళ్లు చూస్తే ఎట్ల?"

ఆయన సంగతి గ్రహించి చాలాసేపు నవ్వారు. తన పేరు మీద ఇంత పెద్ద నాటకం నడవడం ఆయనకు నచ్చింది. నచ్చనిది పప్పు. తాలింపు లేని పప్పు నాలుగో రోజుకు ఆయన నవ్వును తినేసింది. "చావైనా నయం గానీ ఈ పప్పేమిటమ్మా" అని కంచం పక్కకు నెట్టారు. బాలనర్సమ్మకు ఒళ్లు మండింది. "చావు గేటు బయట ఉన్నది సారూ. పిలువాల్నా?" అంది. ఆయన కంచం మళ్లీ దగ్గరికి లాక్కున్నారు.

గోపయ్య రోజూ మధ్యాహ్నం కూరగాయల సంచి తెచ్చి గేటుకు దూరంగా దింపి, బీడీ అయ్యేదాకా నిలబడేవాడు. ఆయనకు కూడా ఆమె నిజం చెప్పలేదు. నాచారం పాత ఊళ్లో ఒక్క మనిషికి చెబితే నలభై ఇళ్లకు చెప్పినట్టే.

ఎనిమిదో రోజు పొద్దున పట్టాభిరామయ్య గారి చొక్కా విప్పితే వీపంతా ఎర్రటి పొక్కులు. బాలనర్సమ్మ చొక్కా వదిలేసి వెనక్కి జరిగింది. ఉత్తుత్తిగా పేరు చెప్పినందుకు తల్లి నిజంగానే వచ్చేసిందనుకుంది. అక్కడే నేల మీద కూలబడి, ఆషాఢంలో బోనం ఎత్తుతానని, ఈ ముసలాయన్ని మాత్రం వదిలెయ్యమని మొక్కుకుంది. ప్రజ్ఞ వచ్చి చూసి, అవి చెమటకాయలని, ఫ్యాను కింద పడుకోబెట్టి పౌడరు వెయ్యమని చెప్పింది. బాలనర్సమ్మ పౌడరు వేసింది, మొక్కు మాత్రం వెనక్కి తీసుకోలేదు. మూడు రోజుల్లో పొక్కులు పోయాయి. ఏది పనిచేసిందన్న చర్చ ఇప్పటికీ ఆ ఇద్దరి మధ్య తెగలేదు.

ఫోన్లలో కబుర్లు వస్తూనే ఉన్నాయి. రామంతాపూర్‌లో అగరొత్తుల పిల్లకు పాజిటివ్ అని రిజల్టు వచ్చింది. అక్కడ ముగ్గురు పోయారు, వారం తిరిగేసరికి ఆరుగురయ్యారు. నారపల్లిలో ఇద్దరు. పోయినవాళ్లలో చాలామందికి ఏదో ఒక వారం స్నానం చేయించిన మనిషే బాలనర్సమ్మ. ఒక్కో పేరు వింటూ, ఆ మనిషి ఎడమ పక్కకు తిరిగి పడుకునేదా, కుడి పక్కకా అని గుర్తు చేసుకునేది. ఆపైన లేచి పనిలో పడేది.

పద్నాలుగో రోజు, పన్నెండు గంటల ఎండలో, గేటు ముందు ఒక ఆటో ఆగి వెళ్లిపోయింది. గేటు దగ్గర అరుణకుమారి నిలబడి ఉంది. చేతిలో బట్టల సంచి, మూతికి రెండు మాస్కులు. బాలనర్సమ్మ బకెట్టు అక్కడే పడేసి పరుగెత్తింది.

టీచరమ్మ ఎండిన మండల వంక, పసుపు చెంబు వంక చూసింది. "ఎవరికే అమ్మవారు?"

"పట్టాభిరామయ్య సారుకమ్మా."

"ఆయనకి చిన్నప్పుడే వచ్చిందని నాకు నాలుగుసార్లు చెప్పాడు. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రావడం అరుదే. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను." మాస్కుల వెనక ఆవిడ నవ్వుతోందని కళ్లను బట్టి తెలిసింది. "నాకైతే ఈ ఆలోచన వచ్చేది కాదు నర్సమ్మా. బాగా చేశావు."

బాలనర్సమ్మకు ప్రాణం లేచి వచ్చింది. రెండు వారాలుగా ఎవరో ఒకరు ఆ మాట అంటే బాగుండునని ఆమె ఎదురు చూస్తోంది.

"ఇప్పుడు నా సంగతి చూడు" అంది టీచరమ్మ. "మా అపార్టుమెంటులో కింద రెండు ఇళ్లలో ఉంది. లిఫ్టు ఒక్కటే. ఈ మోకాళ్లతో నాలుగంతస్తులు ఎక్కలేను. సైనిక్‌పురిలో అమ్మాయి దగ్గరికి పోదామంటే అల్లుడికి పాజిటివ్, ఉదయశ్రీ రావద్దంది. పైన నా గది ఖాళీయేనటగా. ఒక పది రోజులు అందులో పడుంటాను. గది దాటి రాను."

బాలనర్సమ్మ చెయ్యి గడియ మీదికి వెళ్లింది. అక్కడే ఆగింది.

"పరీక్ష చేయించుకున్నరా అమ్మా?"

"క్యూలో రెండు గంటలు నిలబడ్డాను. ఇంక నావల్ల కాక వచ్చేశాను. జ్వరం లేదే, పొద్దున చూసుకున్నాను. నాకేం లేదు."

అగరొత్తుల పిల్లకు కూడా ఏమీ లేదు. ఆ పిల్ల కూడా ఇదే మాట అంది. పై గదికి పోవాలంటే నడవాలోంచి పోవాలి, ఆ నడవాలో ఆరుగురి మంచాలున్నాయి. అన్నం పట్టుకెళ్లాలంటే ఈ ముగ్గురిలోనే ఒకరు వెళ్లాలి, తిరిగొచ్చి ఆ చేతులతోనే ఇంకొకరికి తినిపించాలి. బాలనర్సమ్మ ఇదంతా ఒక్కో మెట్టుగా ఆలోచించింది. ఆలోచించడం ఆమెకు నేర్పింది గేటవతల నిలబడ్డ మనిషే.

"తియ్యనమ్మా" అంది.

"నర్సమ్మా, నేనే."

"ఎరుకనే అమ్మా."

"ఇది నా ఇల్లు."

"మీదేనమ్మా. లోపట పందొమ్మిది మంది ఉన్నరు."

అరుణకుమారి తలుచుకుంటే ఫోను తీసి ఫణీంద్రకు ఒక్క ముక్క చెప్పొచ్చు, ఇక్కడ అమ్మవారూ లేదు ఏమీ లేదని. పది నిమిషాల్లో గేటు తెరుచుకునేది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఆవిడ సంచిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "ఆటోని ఉంచుకోవాల్సింది" అంది. అంతే, ఇంకేమీ అనకుండా మెయిన్ రోడ్డు వైపు నడిచింది. మోకాళ్ల నొప్పికి రెండు చోట్ల ఆగింది. గల్లీ మలుపు తిరిగేదాకా బాలనర్సమ్మ గేటు పట్టుకునే నిలబడింది. తర్వాత పెరట్లో పంపు విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. గట్టిగానే ఏడ్చింది. వెంకటనర్సమ్మ చూసి, చూడనట్టు లోపలికి పోయింది.

ఇరవై మూడో రోజున గల్లీ అంతా చూస్తుండగా పట్టాభిరామయ్య గారికి వేప పసుపు నీళ్లు పోశారు. మండలు విప్పారు. ఆ మధ్యాహ్నం పప్పులో ఇంగువ తాలింపు పడింది. ఆయన మూడుసార్లు వడ్డించుకున్నారు. అప్పటికి రామంతాపూర్‌లో తొమ్మిది మంది, నారపల్లిలో ఐదుగురు పోయారు. నాచారంలో పందొమ్మిది మందీ ఉన్నారు. హెడ్డాఫీసు మూడు చోట్లా ఆయాల మార్పిడి ఆపేసింది. నాచారంలో ఒక్కరూ పోకపోవడానికి కంపెనీ తీసుకున్న జాగ్రత్తలే కారణమని ఇంగ్లీషులో ఒక కాగితం వేసింది. ఫణీంద్ర దాన్ని తెచ్చి, నోటీసు బోర్డుకు అంటించి, బాలనర్సమ్మ దగ్గరికొచ్చి మెల్లగా అడిగాడు.

"నిజంగా అమ్మవారేనా అమ్మా?"

"అమ్మవారే సారూ."

అతను రెండోసారి అడగలేదు. ఆషాఢంలో ఆమె బోనం ఎత్తితే సెలవు మాత్రం తనే రాసి ఇచ్చాడు.

అరుణకుమారి ఆ బోనాల దాకా లేదు. గేటు దగ్గరికి వచ్చి వెళ్లిన ఆరో రోజున ఆవిడకు జ్వరం వచ్చింది. మంచం కోసం రెండు ఆస్పత్రులు తిరిగాక మూడోదాంట్లో చోటు దొరికింది. మండలు విప్పిన పదో రోజున పోయింది. సాయి కుమార్ ఫోను చేసి చెప్పాడు. అంటుకున్నాక బయటపడటానికి ఆ జబ్బుకు ఎన్ని రోజులు పడుతుందని బాలనర్సమ్మ ప్రజ్ఞను అడిగింది. రెండు రోజులకూ పడొచ్చు, పద్నాలుగు రోజులకూ పడొచ్చంది ప్రజ్ఞ. అంటే ఆవిడ గేటు దగ్గరికి వచ్చేసరికే ఒంట్లో ఉండి ఉండొచ్చు. లేదా వెనక్కి వెళ్లి, మళ్లీ ఆ లిఫ్టు ఎక్కితే అంటుకుని ఉండొచ్చు. ఏదన్నది చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. బాలనర్సమ్మ ఆ ప్రశ్నను ఇంకెవరినీ అడగలేదు గానీ, పని చేసుకుంటూ మధ్యలో ఆగిపోయి, చేతిలో ఉన్నది ఏమిటో మర్చిపోవడం అప్పటినుంచే మొదలైంది.

కార్తీకంలో ఒకరోజు టీచరమ్మ కూతురు ఉదయశ్రీ వచ్చింది. పై గదిలో తల్లి బీరువా ఒకటి మిగిలిపోయింది, ఖాళీ చేయమని కంపెనీ ఉత్తరం రాసింది. నలభై ఐదేళ్లుంటాయి, బ్యాంకులో పని. అచ్చం తల్లి ముఖమే. బీరువాలో పాత చీరలు, పిల్లల ప్రాక్టికల్ పుస్తకాలు ఉన్నాయి. బాలనర్సమ్మ వాటిని మూట కట్టడానికి సాయం చేసింది. ఆఖరి చీర మడత పెడుతూ ఉదయశ్రీ ఆగింది.

"అమ్మ ఇక్కడికి వచ్చిందటగా ఆ రోజు. ఫోన్లో చెప్పింది. గేటు తియ్యలేదని ఒక్క ముక్కే చెప్పింది, నిన్ను ఏమీ అనలేదు."

బాలనర్సమ్మ తల వంచుకుంది.

"నేనూ రావద్దన్నాను" అంది ఉదయశ్రీ. "ఆయనకి ఉంది, పిల్లలున్నారు, నువ్వు రావద్దమ్మా అన్నాను. ఒక్కటి చెప్పు నర్సమ్మా. ఆ రోజు అమ్మ దగ్గిందా? ఆయాసపడిందా? అప్పటికే ఉన్నట్టు ఏమైనా కనిపించిందా నీకు?"

ఆ పిల్ల అడుగుతున్నదేమిటో బాలనర్సమ్మకు వెంటనే తెలిసింది. దగ్గిందని ఒక్క మాట అంటే చాలు. జబ్బు అప్పటికే ఒంట్లో ఉందని తేలిపోతుంది. కూతురు రావద్దన్నందువల్ల పోలేదు, ఆయా గేటు తియ్యనందువల్లా పోలేదు. ఆ పిల్ల ఈ మెట్లు తేలిగ్గా దిగి వెళ్తుంది, తనూ తేలిగ్గా పనిలో పడుతుంది. కాదని సాక్ష్యం చెప్పేవాళ్లు లేరు. అమ్మవారి పేరు మీదే ఇరవై మూడు రోజులు అబద్ధమాడిన నాలుకకు ఇదేమంత కష్టం కాదు.

ఉదయశ్రీ ఆమె ముఖంలోకే చూస్తోంది.

"లేదమ్మా" అంది బాలనర్సమ్మ. "ఒక్కసారి గూడ దగ్గలే. మంచిగనే ఉండె. నేనే తియ్యలే."